ఎవరిదీ కాని కొలత: మీటరు పుట్టుకపై ఒక సమీక్ష

పుట్టెడు ధాన్యం బాకీ ఉన్న రైతుకు, ఆ ధాన్యాన్ని ఎవరి కుంచంతో కొలుస్తారన్నది బాకీ అంత పెద్ద ప్రశ్న. కుంచం రవ్వంత లోతుగా ఉంటే చాలు, కాగితం మీద బాకీ పెరగకుండానే గాదెలో గింజలు తరిగిపోతాయి. అంచుకు సమంగా కర్రతో రాచి కొలుస్తారా, పైన గోపురంలా పోసి కొలుస్తారా? మోకాలెత్తు నుంచి పోస్తారా, భుజమెత్తు నుంచా? ఎత్తు నుంచి పోస్తే గింజలు ఒత్తుకుని కూర్చుంటాయి, అదే కుంచంలో ఎక్కువ పడతాయి.

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి రైతుకు ఇవన్నీ తెలుసు. అక్కడి కుంచం పేరు బ్వాసో. దొర గాదె దగ్గర ఒక బ్వాసో, పక్క ఊరి సంతలో ఇంకొకటి, ప్యారిస్‌లో మరొకటి. పేరు ఒక్కటే, పట్టే గింజలు వేరు. శిస్తు కొలిచే పాత్ర దొర అధీనంలో ఉండేది. అది తరాలు గడిచేకొద్దీ పెద్దదవుతోందని ఊళ్లు మొరపెట్టుకునేవి. 1789లో పదహారో లూయీ దేశం నలుమూలల నుంచి ఫిర్యాదుల చిట్టాలు రాసి పంపమన్నప్పుడు, పల్లెల చిట్టాల్లో ఉప్పు పన్నుతో, దొరల వేట హక్కులతో పాటు కొలతల మాట మళ్లీ మళ్లీ వచ్చింది. రాజు ఒక్కడే అయినప్పుడు తూకమూ కొలతా కూడా ఒక్కటే ఎందుకు ఉండకూడదని జనం అడిగారు.

మెట్రిక్ పద్ధతి కథను మామూలుగా ఇక్కడ మొదలుపెట్టరు. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతు మీటరు అనీ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు దాన్ని లెక్కగట్టారనీ చెప్పి ముగిస్తారు. అది అబద్ధం కాదు. అయితే అది సమాధానంలో ఒక ముక్క మాత్రమే. పోలండ్ చరిత్రకారుడు విటోల్డ్ కులా 1970లో కొలతల సామాజిక చరిత్ర రాస్తూ, కొలపాత్ర ఎవరి చేతిలో ఉంటే అధికారం వారిదని చూపించాడు. ఆయన దృష్టిలో మీటరు ఒక న్యాయ పోరాటానికి ఫలితం. అమెరికన్ చరిత్రకారుడు కెన్ ఆల్డర్ 2002లో వచ్చిన పుస్తకంలో భూమిని కొలవడానికి బయలుదేరిన ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తల వెంట నడిచి, శాస్త్రం లోపలి వేదనను చెప్పాడు. జేమ్స్ స్కాట్ వంటివారు ఇదంతా రాజ్యం తన ప్రజలను, పొలాలను, పన్నులను ఒకే చూపులో చదువుకోవడానికి చేసిన ఏర్పాటని అన్నారు. రైతుది, శాస్త్రజ్ఞుడిది, రాజ్యానిది అంటూ మీటరుకు ఇలా మూడు పుట్టుకలు చెబుతున్నారు. మూడూ నిజమే. కానీ ఈ ముగ్గురూ కోరుకున్నది ఒకటి కాదు, మీటరు కథలోని చిక్కంతా అక్కడే ఉంది.

ముందు పాత కొలతలకు న్యాయం చేయాలి. విప్లవానికి ముందు ఫ్రాన్సులో దాదాపు 800 పేర్ల చాటున రెండున్నర లక్షల వేర్వేరు కొలతలు వాడుకలో ఉండేవని ఆల్డర్ అంచనా. ఆ అంకె చూడగానే అదంతా అజ్ఞానం, గందరగోళం అనిపిస్తుంది. కాదు. ఒక మనిషి ఒక రోజులో దున్నగలిగిన నేల అక్కడ ఒక కొలత. బరువైన నేలలో అది చిన్నది, తేలిక నేలలో పెద్దది. మరికొన్ని చోట్ల పొలాన్ని అందులో పట్టే విత్తనాలతో కొలిచేవారు. మన పాత శాసనాల్లో పుట్టి, తూము లెక్కన చేలను దానమిచ్చినట్టు రాసి ఉంటుంది. అదే పద్ధతి ఇది. చేను ఎంత వైశాల్యమని కాకుండా, దాన్ని సాగు చేయడానికి ఎంత పడుతుందని చెప్పే కొలతలు ఇవి. చెమట తెలిసినవాడికి ఇంతకంటే పనికొచ్చే సమాచారం లేదు. ఇలాంటి కొలత ఆ ఊరి పొలిమేర దాటితే చెల్లదు, ఊరి లోపల కూడా బలవంతుడు దాన్ని సాగదీయగలడు. మొదటి లోపం వర్తకుడిని, పన్ను అధికారిని బాధపెట్టింది. రెండోది రైతును బాధపెట్టింది.

రాజులు ఏమీ చేయలేదని కాదు. 1668లో ప్యారిస్‌లోని షాత్లే కోట గోడలో ఇనుప త్వాజ్ ఒకటి బిగించారు. త్వాజ్ అంటే ఆరు రాజపాదాలు, ఇప్పటి లెక్కలో దాదాపు 1.95 మీటర్లు. భూమి ఆకారం తేల్చడానికి 1735లో దక్షిణ అమెరికాకు వెళ్లిన బృందం వెంట తీసుకెళ్లిన త్వాజ్‌నే 1766లో అధికారిక ప్రమాణంగా ప్రకటించి, దాని నకళ్లు 80 పట్టణాలకు పంపారు. అంటే కొత్తగా ఏమీ కనిపెట్టకుండానే దేశమంతా ప్యారిస్ కొలతలు వాడాలని చట్టం చేసే వీలు 1789 నాటికి ఉంది. పల్లెల చిట్టాలు అడిగింది కూడా దాదాపు అంతే. భూమిని కొలవమని ఏ రైతూ అడగలేదు.

మరి భూమి దాకా ఎందుకు వెళ్లారు?

దీనికి వందేళ్ల పైబడిన నేపథ్యం ఉంది. 1585లో సైమన్ స్టెవిన్ దశాంశ భిన్నాలను ఐరోపా జనానికి సులువుగా అర్థమయ్యేలా రాసి, తూనికలను, కొలతలను, నాణేలను కూడా పదుల్లో విభజించాలన్నాడు. దాని కింద ఉన్న పునాది భారతదేశం నుంచి అరబ్బుల మీదుగా అక్కడికి చేరిన స్థాన విలువ లెక్క. 1668లో ఇంగ్లండులో జాన్ విల్కిన్స్, ఒక ఊపుకు ఒక క్షణం పట్టే లోలకం పొడవును ప్రపంచమంతటికీ ప్రమాణంగా పెట్టుకోవచ్చని రాశాడు. ఆ సూచన క్రిస్టఫర్ రెన్ నుంచి వచ్చిందనీ చెప్పాడు. 1670లో లియాన్ నగరపు మతగురువు గాబ్రియెల్ మూతోన్ భూవృత్తంలో ఒక నిమిషపు చాపాన్ని తీసుకుని పదుల్లో విడగొట్టాడు. 1675లో బురాత్తీని తన లోలకం కొలతకు విశ్వజనీనమైన మీటరు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. వీళ్లలో ఎవరు అసలు పితామహుడన్న వాదం ఇప్పటికీ నడుస్తోంది, ముఖ్యంగా విల్కిన్స్ తరఫున. ఆ వాదం మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. ఆలోచన చాలామందికి వచ్చింది. దాన్ని అమలు చేయగల రాజ్యం మాత్రం 1789 దాకా ఎక్కడా లేదు.

లోలకం ఆలోచనకు ఒక దెబ్బ కూడా అప్పటికే తగిలింది. 1672లో జాన్ రిషే దక్షిణ అమెరికాలోని కయెన్‌కు వెళ్లి, ప్యారిస్‌లో సరిగ్గా క్షణాలు కొట్టిన లోలకం అక్కడ నెమ్మదించడం గమనించాడు. సరిచేయడానికి దాన్ని దాదాపు 3 మిల్లీమీటర్లు కురచ చేయాల్సి వచ్చింది. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉందని వాదించడానికి న్యూటన్‌కు ఇది ఆధారమైంది. కొలతల మనిషికి మాత్రం ఇది చేదు వార్త. లోలకం పొడవు అన్ని చోట్లా ఒకటి కాదు, అది ఏ అక్షాంశంలో ఊగుతోందో చెప్పాలి.

1790లో తాలీరాన్ ఫ్రెంచి జాతీయ సభ ముందుకు కొత్త కొలతల ప్రతిపాదన తెచ్చినప్పుడు లోలకాన్నే ఎంచుకున్నాడు. భూమధ్యరేఖకూ ధ్రువానికీ నడుమన ఉన్న 45 డిగ్రీల అక్షాంశం దగ్గర కొలుద్దామన్నాడు. అదే ఏడు అమెరికాలో జెఫర్సన్ తన దేశపు కాంగ్రెసుకు లోలకం మీద ఆధారపడిన ప్రణాళిక ఇచ్చాడు. బ్రిటిష్ పార్లమెంటులో రిగ్స్ మిల్లర్ కూడా కొలతల సంస్కరణ కోసం గొంతెత్తాడు. మూడు దేశాలు ఒకే కొలత మీదికి వచ్చే అవకాశం ఆ కొన్ని నెలలు నిజంగా ఉంది. చరిత్రలో అంత దగ్గరగా వచ్చి చేజారినవి ఎక్కువ లేవు.

1791 మార్చి 19న సైన్సు అకాడెమీ సంఘం నివేదిక ఇచ్చింది. అందులో బోర్దా, లగ్రాంజ్, లాప్లాస్, మోంజ్, కాందోర్సే ఉన్నారు. లోలకాన్ని పక్కన పెట్టి, భూమి చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని దాన్ని కోటి భాగాలు చేద్దామన్నారు. లోలకం క్షణం మీద ఆధారపడుతుంది, క్షణమేమో రోజును మనిషి ఇష్టానుసారం 86,400 ముక్కలు చేస్తే వచ్చింది, పొడవును నిర్ణయించడానికి కాలాన్ని ఆశ్రయించడం సరికాదన్నది వారి ప్రధాన వాదన. వారం తిరగకుండా సభ ఆమోదించింది. దూరాలను కొలవడానికి డన్‌కర్క్ నుంచి బార్సిలోనా దాకా ఉన్న రేఖను ఎంచుకున్నారు. రెండు కొసలూ సముద్ర మట్టంలో ఉంటాయి, 45 డిగ్రీల అక్షాంశం వాటి మధ్య పడుతుంది. వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ రేఖ దాదాపు అంతా ఫ్రాన్సులోనే ఉంది.

జెఫర్సన్ ఇక్కడే వెనక్కి తగ్గాడు. లోలకాన్ని ఏ దేశమైనా తన గడ్డ మీద ఊపి చూసుకోవచ్చు. ఈ కొలతను సరిచూడాలంటే మాత్రం ఫ్రాన్సుకే వెళ్లాలి. ఆయన అభ్యంతరం సబబేనని నేననుకుంటున్నాను. అకాడెమీ నిర్ణయంలో స్వార్థం పాలు ఎంత అన్నది చరిత్రకారుల్లో తెగని చర్చ. కోణాలను కొలిచే కొత్త పరికరం బోర్దా రూపొందించినదే. ఈ పనిలో దాని సత్తా చూపించవచ్చు. భూమి ఆకారం మీద ఎప్పటినుంచో ఉన్న ప్రశ్నకు ప్రభుత్వ సొమ్ముతో జవాబు దొరుకుతుంది. ఇవన్నీ ఉండే ఉంటాయి. అయినా వాటి కింద ఒక నిజాయితీ గల ఆలోచన కూడా ఉందని నా నమ్మకం. ఏ రాజు పాదమూ కానిది, ఏ నగరపు గోడలోనూ పుట్టనిది అయితే తప్ప ఇంకో ఊరు, ఇంకో దేశం దాన్ని తలవంచకుండా స్వీకరించలేవు. ప్యారిస్ కొలతను రుద్దితే లియాన్ అది ప్యారిస్ పెత్తనం అంటుంది. భూమి కొలతను ఎవరి పెత్తనమని అనాలి? దొర కుంచానికి విరుగుడుగా ఎవరిదీ కాని కుంచం కావాలి. ఆ అర్థంలో శాస్త్రజ్ఞుడి సమాధానం రైతు ప్రశ్నకే వచ్చింది, అతను అడగని రూపంలో.

1792 జూన్‌లో ఇద్దరు బయలుదేరారు. ఉత్తర భాగానికి దెలాంబ్ర్, దక్షిణానికి మెషాన్. గుడి గోపురం నుంచి కొండ శిఖరానికి, అక్కడినుంచి మరో గోపురానికి చూపు సారించి, కోణాలు కొలుస్తూ, త్రిభుజాలను గొలుసులా పేర్చుకుంటూ పోవాలి. రెండు చోట్ల మాత్రం, మెలన్ దగ్గర, పెర్పిన్యాన్ దగ్గర, దాదాపు 12 కిలోమీటర్ల చొప్పున నేల మీద ప్లాటినం కడ్డీలు పరిచి నేరుగా కొలవాలి. మిగతా దూరమంతా లెక్కలో వస్తుంది. ఏడాదిలో అయిపోతుందనుకున్న పని 1798 దాకా సాగింది.

అనుమతి పత్రాల మీద రాజు పేరుంది. ఆగస్టులో ఆ రాజే ఖైదీ అయ్యాడు. గోపురాలెక్కి దుర్బిణీలతో చూసేవాడు గూఢచారి కాక ఇంకెవరని ఊరి కాపలాదళాలు దెలాంబ్ర్‌ను పట్టుకున్నాయి. సెయింట్ దెనీలో ఆయన తన పరికరాలను నడిబజారులో పరిచి, తానేం చేస్తున్నాడో గుంపుకు వివరించుకోవాల్సి వచ్చింది. ఆ దృశ్యం నన్ను వదలదు. ఏ జనం పేరుమీద ఈ పని జరుగుతోందో ఆ జనమే చుట్టూ నిలబడి, ఈ ఇత్తడి వలయాలతో మా కుంచానికి ఏం సంబంధమని అనుమానంగా చూస్తున్నారు.

మెషాన్ కథ ఇంకా దుఃఖకరం. 1793లో ఫ్రాన్సు, స్పెయిన్ యుద్ధంలోకి దిగాయి. ఆయన శత్రుదేశంలో చిక్కుకుపోయాడు. ఒక నీటి యంత్రం దగ్గర జరిగిన ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. కోలుకున్నాక బార్సిలోనాలో మరో చోటి నుంచి నక్షత్రాలను చూసి అక్షాంశం లెక్కగట్టాడు. అంతకుముందు మోంజువిక్ కొండ మీద కట్టిన లెక్కకూ దీనికీ 3 సెకన్ల చాపం తేడా వచ్చింది. నేల మీద దాదాపు 90 మీటర్లు. ఎంత వెతికినా తప్పెక్కడుందో దొరకలేదు. ఆయన ఆ తేడాను ఎవరికీ చెప్పలేదు, సంవత్సరాల తరబడి లోలోపల కుమిలాడు. సరిదిద్దుకోవాలని మళ్లీ స్పెయిన్‌కు వెళ్లి, 1804లో జ్వరంతో అక్కడే చనిపోయాడు. ఆయన కాగితాలు చేతికొచ్చాక దెలాంబ్ర్‌కు సంగతి తెలిసింది. నిజానికి మెషాన్ చేతిలో నేరమేమీ లేదు. పరికరం పదే పదే ఒకే అంకె చూపించడం వేరు, ఆ అంకె నిజం కావడం వేరు. ఆ రెంటినీ విడదీసే లెక్క అప్పటికి స్థిరపడలేదు. 1805లో లజాండ్ర్ కనిష్ఠ వర్గాల పద్ధతిని ప్రకటిస్తూ, దాన్ని ఈ భూకొలత అంకెల మీదే ప్రయోగించి చూపాడు. ఒక మనిషిని తినేసిన ప్రశ్న తర్వాతి తరానికి గణితమైంది.

ఈలోపు ప్యారిస్‌లో వేచి చూసే ఓపిక ఎవరికీ లేదు. 1793 ఆగస్టు 1న తాత్కాలిక మీటరు ప్రకటించారు. ఇది 1740లో లకాయ్ చేసిన పాత కొలత ఆధారంగా 443.44 లీన్యలు. లీన్య అంటే రాజపాదంలో 144వ వంతు. వారం తర్వాత అకాడెమీనే రద్దు చేశారు. నీటి బరువుతో కిలోగ్రాము తేల్చే పనిలో ఉన్న లావోయిజర్ పాత ప్రభుత్వపు పన్ను గుత్తదారు కావడంతో 1794 మే 8న తల కోల్పోయాడు. కాందోర్సే అంతకుముందే జైలులో చనిపోయాడు. మరోవైపు, ఈ సంస్కరణను బతికించినది కూడా ఆ విప్లవ ప్రభుత్వమే. 1795 ఏప్రిల్ 7 నాటి చట్టం మీటరు, లీటరు, గ్రాము అనే పేర్లను ఖాయం చేసింది. పెంచుకుంటూ పోవడానికి గ్రీకు మాటలు, తగ్గించుకుంటూ పోవడానికి లాటిన్ మాటలు చేర్చింది.

1799 జూన్ 22న ప్లాటినం మీటరు, ప్లాటినం కిలోగ్రాము అభిలేఖాగారానికి చేరాయి. డచ్చి, డేనిష్, స్విస్, స్పానిష్, ఇటాలియన్ శాస్త్రజ్ఞులు వచ్చి లెక్కలు సరిచూశారు. తుది మీటరు 443.296 లీన్యలు. ఈనాటి కొలతల ప్రకారం చూస్తే, అనుకున్న నిర్వచనం కంటే ఇది 0.2 మిల్లీమీటరు కురచ. భూమి ఎంత నొక్కుకుపోయిందన్న అంచనా 334లో ఒక వంతుగా తీసుకోవడం ప్రధాన కారణం, అసలు విలువ 298లో ఒక వంతుకు దగ్గర. 1793 నాటి తాత్కాలిక మీటరు దాదాపు 0.13 మిల్లీమీటరు ఎక్కువ, అంటే నిజానికి అదే కాస్త దగ్గర. ఆరేళ్ల ప్రయాణం మీటరును భూమికి దగ్గర చేయలేదు. అయినా తుది మీటరును ఎవరూ మార్చలేదు. భూమి సాక్షిగా మొదలైన కొలత ఆనాటి నుంచీ ఒక ఒప్పందంగా బతికింది. దాని అసలు బలం మొదటినుంచీ ఒప్పందమేనని నాకనిపిస్తుంది.

జనం దాన్ని వెంటనే ఎందుకు స్వీకరించలేదన్నది పండితులు తేలిగ్గా దాటేసే ప్రశ్న. మూర్ఖత్వం, అలవాటు అని సరిపెట్టుకుంటారు. మన పాత పాత్రల వరస చూస్తే కారణం దొరుకుతుంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంతా రెట్టింపు, సగం. సగాన్ని కంటితో చేయవచ్చు, సగంలో సగాన్నీ చేయవచ్చు. గింజల రాశిని పది సమభాగాలు కంటితో ఎవరూ చేయలేరు. దశాంశం కాగితం మీద లెక్క రాసేవాడికి వరం, చేత్తో పంచేవాడికి కొత్త భారం. ఫ్రెంచి సంతల్లో జరిగిందీ ఇదే. 1812లో నెపోలియన్ వాడుక కొలతలను తిరిగి అనుమతించాడు. త్వాజ్ అంటే 2 మీటర్లు, లీవ్ర్ అంటే అర కిలో, వాటిలో సగాలు, పావులు, మూడో వంతులు. 1837 నాటి చట్టం వీటిని తొలగించి, 1840 జనవరి 1 నుంచి మెట్రిక్ ఒక్కటే చెల్లుతుందంది. మొదటి ఫిర్యాదుల చిట్టాకూ ఆ రోజుకూ మధ్య యాభై ఏళ్లు.

ఇదే సంస్కరణలో మరో భాగం పూర్తిగా విఫలమైంది. రోజుకు 10 గంటలు, గంటకు 100 నిమిషాలు అంటూ 1793లో తెచ్చిన దశాంశ కాలాన్ని, మీటరుకు పేరు పెట్టిన ఆ 1795 చట్టమే నిలిపివేసింది. మీటరు నిలిచి గడియారం ఎందుకు పడిపోయింది? దశాంశం గొప్పతనమే కారణమైతే రెండూ నిలవాలి. గంట విషయంలో ఎవరికీ ఫిర్యాదు లేదు. అరవై నిమిషాల గంటను ఏ దొరా సాగదీయలేదు. అన్యాయం ఉన్న చోట కొత్త కొలత వేళ్లూనుకుంది, లేనిచోట శాస్త్రం ఒంటరిగా నిలబడలేకపోయింది. రైతు ఫిర్యాదే మీటరుకు అసలు పునాది అనడానికి నాకు దొరికిన గట్టి ఆధారం ఇది.

తర్వాతి కథ తెలిసినదే. 1875 మే 20న 17 దేశాలు ప్యారిస్‌లో మీటరు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1889లో ప్లాటినం, ఇరిడియం కడ్డీ అంతర్జాతీయ ప్రమాణమైంది. 1960లో క్రిప్టాన్ కాంతి తరంగాలు, 1983లో కాంతి సెకనులో 29,97,92,458వ వంతులో నడిచే దూరం దాని స్థానం తీసుకున్నాయి. క్షణం మీద ఆధారపడకూడదని లోలకాన్ని తోసిపుచ్చిన మీటరు చివరికి క్షణం దగ్గరికే వచ్చి చేరింది. 2019లో కిలోగ్రాము కూడా లోహపు ముద్దను వదిలేసింది.

మన దేశంలో 1871లోనే కిలోగ్రాముతో సమానమైన సేరును ప్రమాణం చేస్తూ ఒక చట్టం వచ్చింది, అమలు కాలేదు. 1956 చట్టం తర్వాత, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు, 1958 అక్టోబరు 1 నుంచి అంచెలంచెలుగా కిలోలు, మీటర్లు వచ్చాయి. వీశ, మణుగు, పలం పోయాయి. తులం పోలేదు. 11.66 గ్రాముల తులాన్ని నగల దుకాణాల్లో 10 గ్రాములకు సర్దుకుని మాట మాత్రం ఉంచుకున్నాం. ఫ్రెంచి సంతల్లోనూ అర కిలోను ఇప్పటికీ లీవ్ర్ అనే అడుగుతారు. ఇళ్ల స్థలాలను మనం గజాల్లోనూ, పొలాలను ఎకరాల్లో, సెంట్లలో, గుంటల్లోనూ చెప్పుకుంటూనే ఉన్నాం.

1796, 1797 సంవత్సరాల్లో ప్యారిస్‌లో జనసమ్మర్దం ఎక్కువగా ఉండే 16 చోట్ల పాలరాతి మీటర్లను గోడలకు బిగించారు. వొజిరార్ వీధిలో ఒకటి తన పాత చోటనే ఇంకా ఉంది. మీటరును పది భాగాలుగా విడగొట్టి, కంటి ఎత్తులో, దారిన పోయేవారికి అందేలా అమర్చారు. ఏ తలుపూ, ఏ తాళమూ లేదు. గుడ్డ కొన్న మనిషి దుకాణం నుంచి బయటికొచ్చి, దాన్ని ఆ రాతికి ఆనించి తనకు తానుగా సరిచూసుకోవచ్చు.